డిస్క్ పోయిందా, ఇంకా రాలేదా?

కరెంటు పోయి వచ్చింది. లినక్స్ వేసిన సిస్టమ్ దానంతటదే ఆన్ అయింది, కొంతదూరం నడిచి ఆగిపోయింది. నల్లటి తెర మీద నాలుగైదు ఇంగ్లీషు లైన్లు, చివర బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట, దాని పక్కన కొట్టుకుంటున్న కర్సర్. సిస్టమ్ తెచ్చిన ఆసామి వెనకే నిలబడి, "ఏమప్పా, నిన్న సాయంత్రం దాకా బాగనే ఉండె కదా, ఇప్పుడేమాయ?" అని అడుగుతున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు తమ వంతు కోసం చూస్తున్నారు.

గాండ్లపెంటలోనో, కదిరిలోనో, ధర్మవరంలోనో కంప్యూటర్లు చూసే కుర్రవాళ్ల నోట ఇలాంటప్పుడు తరచూ వచ్చే మాట ఒకటుంది: "డిస్క్ పోయిందన్నా, ఫార్మాట్ కొట్టాల." ఆ మాట నోటిదాకా వచ్చాక ఆపుకోగలగడం ఒక నైపుణ్యం. అది పుట్టుకతో రాదు, నేర్చుకుంటే వస్తుంది. ఈ అధ్యాయంలో దాన్నే నేర్చుకుందాం.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ధర్మవరంలో జకార్డ్ మగ్గానికి పంచ్‌కార్డులు కొట్టించే ముందు చీర అంచు, కొంగు డిజైన్లు ఇప్పుడు కంప్యూటర్లోనే గీస్తారు. ఒక్కో డిజైన్ వెనక రోజుల తరబడి పని ఉంటుంది. ఫోటో స్టూడియో డిస్క్‌లో ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నీ ఉంటాయి. వాటిలో ఇప్పుడు లేని పెద్దవాళ్ల ముఖాలూ ఉంటాయి. ఫార్మాట్ కొట్టి కొత్తగా సిస్టమ్ ఎక్కించడం అరగంట పని. పోయినదాన్ని వెనక్కి తేవాలంటే బెంగళూరులో డేటా రికవరీ చేసేవాళ్లను వెతుక్కోవాలి. వాళ్లడిగే డబ్బు చాలాసార్లు ఆ పాత సిస్టమ్ ఖరీదును మించిపోతుంది, అప్పటికీ వస్తుందన్న భరోసా ఉండదు. పైగా గాండ్లపెంట లాంటి మండల కేంద్రంలో ఒక పార్టు కావాలన్నా కదిరి పోవాలి, అక్కడ లేకపోతే హిందూపురం, అదీ కాకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు. ఇన్ని దూరాల మధ్య పనిచేసేవాడు తొందరపాటుకు పెట్టే ఖర్చు పట్నంవాడి కంటే ఎక్కువ.

తెర మీద ఉన్నది పూర్తిగా చదవండి

మన దగ్గర వాడే లినక్స్‌లు చాలావరకు డెబియన్ కుటుంబానివే. ఉబుంటు అయినా, మింట్ అయినా, సీడ్యాక్ 2007లో మొదట విడుదల చేసిన బాస్ లినక్స్ అయినా పునాది డెబియనే. అందుకే ఆగిపోయినప్పుడు ఇవి చెప్పే మాటా చాలావరకు ఒకటే: "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ రూట్ ఫైల్ సిస్టమ్ డివైస్." అంటే రూట్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్క్ కోసం చూసీ చూసీ ఇక చూడటం మానేశాను అని. డిస్క్ చెడిపోయిందని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. దాని కింద మామూలుగా వచ్చే కారణాల జాబితా ఉంటుంది. అందులో ఒక లైను, రూట్‌డిలే సరిచూడండి, సిస్టమ్ చాలినంతసేపు ఆగిందా అని సూటిగా అడుగుతుంది. ఈ ప్రోగ్రాం రాసినవాళ్లు మనల్ని అడగమన్న మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇదే. మనం మాత్రం చివరి లైనులో "డస్ నాట్ ఎగ్జిస్ట్" అన్న మూడు మాటలు చూసి తీర్పు చెప్పేస్తాం.

డెబియన్ రకాలు మామూలుగా ఆగేది 30 సెకన్లు. ఫెడోరా, రెడ్ హ్యాట్ వాడే డ్రాకట్‌లో ఆ గడువు 180 సెకన్లు. అదే డిస్క్, అదే కేబుల్, అదే ఎస్ఎంపీఎస్. డిస్క్ 40వ సెకనుకు కనబడితే ఒక లినక్స్ "లేదు" అంటుంది, ఇంకొకటి ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. గడువు ఎంతన్నది ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న లెక్క, డిస్క్ ఆరోగ్యానికి దానితో సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే సగం భయం పోతుంది.

ఇంకో ఆధారం కూడా ఆ తెర మీదే ఉంది, చాలామంది దాన్ని గమనించరు. సిస్టమ్ ఆన్ కాగానే గ్రబ్ మెనూ వచ్చిందా? దాని తర్వాత కెర్నెల్ లైన్లు పరుగెత్తాయా? గ్రబ్, కెర్నెల్, అసలు రూట్ దొరికేదాకా ర్యామ్‌లో నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఈ మూడూ మామూలుగా ఆ డిస్క్‌లోంచే వస్తాయి. బయోస్ దాన్ని చదివింది కాబట్టే అవి ర్యామ్‌లోకి చేరాయి. అంటే కొద్ది సెకన్ల కిందట ఆ డిస్క్ బతికే ఉంది, చదవడానికి వీలుగానే ఉంది. తర్వాత కెర్నెల్ పగ్గాలు తీసుకుంటుంది. బయోస్ చూపిన దారిని అది నమ్ముకోదు, తన డ్రైవర్లతో సాటా కంట్రోలర్‌ను, యూఎస్‌బీ కంట్రోలర్‌ను రీసెట్ చేసి డిస్క్‌ను మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటుంది. ఆలస్యం జరిగేది ఈ రెండో వెతుకులాటలో. గ్రబ్ ఒక ఎస్ఎస్‌డీలో ఉండి, రూట్ ఇంకో హార్డ్‌డిస్క్‌లో ఉంటే మాత్రం ఈ ఆధారం పనికిరాదు. ఆ తేడా ముందే తెలుసుకుని ఉండండి.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

హార్డ్‌డిస్క్ లోపలి పళ్లేలు పూర్తి వేగానికి రావాలంటే కొన్ని సెకన్లు పడుతుంది. పాతబడిన డిస్క్‌కు, బలహీనమైన ఎస్ఎంపీఎస్ మీద నడిచే డిస్క్‌కు ఇంకా ఎక్కువ. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొని తెచ్చిన ఆఫీసు సిస్టమ్‌లలో ఈ రెండూ కలిసే ఉంటాయి. సాటా డిస్క్ నెమ్మదిగా పలికితే కెర్నెల్ ఒక సందేశం రాస్తుంది: లింకు నిదానంగా స్పందిస్తోంది, దయచేసి ఓపిక పట్టండి అని. ఇది నా సొంత అనువాదం, కానీ "ప్లీజ్ బీ పేషెంట్" అన్న మాటలు కెర్నెల్ కోడ్‌లో అక్షరాలా ఉన్నాయి. ఆ లైను కనబడ్డాక కూడా రీసెట్ బటన్ నొక్కితే తప్పు డిస్క్‌ది కాదు.

యూఎస్‌బీ డిస్క్ సంగతి ఇంకొంచెం చిక్కు. కెర్నెల్ ముందు పోర్టును రీసెట్ చేస్తుంది, మధ్యలో హబ్ ఉంటే దాన్ని గుర్తుపడుతుంది, ఆ తర్వాత దాని వెనకున్న పరికరాన్ని పలకరిస్తుంది, అప్పుడు స్టోరేజ్ డ్రైవర్ కావాలనే కాసేపు ఆగి డిస్క్ లోపలికి చూస్తుంది. ఈ చివరి ఆగడం ఒకప్పుడు 5 సెకన్లుండేది, ఇప్పుడు 1 సెకను. హబ్‌కు విడిగా అడాప్టర్ లేకపోతే కరెంటు చాలక డిస్క్ ఒకసారి వచ్చి, పడిపోయి, మళ్లీ వస్తుంది. అలాంటిచోట ఎన్ని సెకన్లు పెంచినా లాభం లేదు, అడాప్టర్ ఉన్న హబ్ కొనాలి.

అసలు లినక్స్‌లో ఈ సమస్య ఇంతగా ఎందుకు కనిపిస్తుందో చెప్పుకోవాలి, ఆ కథ బాగుంటుంది. 2008 సెప్టెంబరులో లినక్స్ ప్లంబర్స్ సదస్సులో ఇంటెల్ ఇంజినీర్లు అర్జన్ వాన్ డె వెన్, ఔకె కాక్ ఒక చిన్న ఈఈఈపీసీ ల్యాప్‌టాప్‌ను 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. అప్పటిదాకా కెర్నెల్ చాలా పనులు ఒకదాని తర్వాత ఒకటిగా చేసేది. ఒక డిస్క్ సంగతి తేలేదాకా రెండోదాని జోలికి పోయేది కాదు. ఆ ప్రయత్నాల్లోంచే వచ్చిన మార్పు 2009 మార్చిలో విడుదలైన 2.6.29 కెర్నెల్‌లో చేరింది. ఒకరి కోసం ఒకరు ఆగకుండా పరికరాల వెతుకులాట పక్కపక్కనే సాగేలా చేసిన మార్పు అది. 2010లో సిస్టమ్‌డీ వచ్చి మిగతా సేవలను కూడా అలాగే పక్కపక్కన లేపడం మొదలుపెట్టింది. ఈ రోజు మన లినక్స్ ఇంత వేగంగా లేస్తోందంటే ఈ మార్పుల పుణ్యమే. కానీ అన్నీ ఒకేసారి బయల్దేరితే ఏది ముందు చేరుతుందో చెప్పలేం. ఏది దేని కోసం ఆగాలో విడమరిచి రాసిపెట్టకపోతే, రోజూ నడిచిన సిస్టమ్ ఒక చలి పొద్దున నడవదు.

మొదట వచ్చినదానికి ఎస్‌డీఏ, తర్వాత వచ్చినదానికి ఎస్‌డీబీ అని పేర్లు పడతాయి కనుక ఇందులోంచే ఇంకో తంటా పుడుతుంది. ఇవాళ ఎస్‌డీఏ అయిన డిస్క్ రేపు ఎస్‌డీబీ కావచ్చు. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఎవరైనా ఇంకా ఎస్‌డీఏ1, ఎస్‌డీబీ1 అని రాసి ఉంటే ఈ రోజే మార్చండి. ప్రతి ఫైల్ సిస్టమ్‌కు యూయూఐడీ అనే పొడవాటి గుర్తు ఉంటుంది, అది వచ్చిన వరసను బట్టి మారదు. దానితోనే పిలవండి.

కర్సర్ దగ్గర ఏం చెయ్యాలి

ముందుగా, పవర్ బటన్ మీదినుంచి చెయ్యి తియ్యండి. పవర్ ఆపితే పళ్లేలు ఆగిపోతాయి, మళ్లీ ఆన్ చేస్తే ఆ నిదానమంతా మొదటికొస్తుంది. పదిసార్లు ఆపి ఆన్ చేసినా పదిసార్లూ అదే ఫలితం వచ్చి, డిస్క్ చచ్చిందన్న నమ్మకం మనసులో గట్టిపడుతుంది.

డిస్క్ దగ్గర చెవి పెట్టండి. ఒకే తీరున గుయ్‌మని తిరుగుతుంటే మంచిదే. టక్, టక్ అని లోపల ఏదో తగులుతున్న చప్పుడు వస్తే వెంటనే ఆపెయ్యండి. అది ఆలస్యం సమస్య కాదు, తిప్పినకొద్దీ నష్టం పెరుగుతుంది. ఈ ఒక్క సందర్భంలో ఓపిక పట్టకూడదు.

చప్పుడు బాగుంటే ఒక నిమిషం ఊరికే ఆగండి. తర్వాత ఆ కర్సర్ దగ్గర బీఎల్‌కేఐడీ ఆదేశం కొట్టండి. అప్పటికి కనబడుతున్న డిస్క్‌లన్నీ తమ యూయూఐడీలతో సహా తెర మీదికొస్తాయి. పైన దోష సందేశంలో ఉన్న యూయూఐడీని, ఈ జాబితాను పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్‌తో ఫోటో తీసుకుంటే పోల్చడం సులువు, ఆసామికి చూపించడానికీ పనికొస్తుంది.

ఆ గుర్తు జాబితాలో ఉంటే సంగతి తేలిపోయింది. డిస్క్ వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, అంతే. ఎగ్జిట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ ఒకసారి చూసుకుంటుంది, ఈసారి డిస్క్ కనబడుతుంది కాబట్టి బూట్ సాగిపోతుంది. మూడు నిమిషాల కిందట ఫార్మాట్ కొట్టబోయిన సిస్టమ్‌లో లాగిన్ తెర వస్తుంది.

డిస్క్ ఉంది కానీ గుర్తు వేరుగా ఉంటే అది సమయం సమస్య కాదు. ఎవరో పార్టిషన్ మార్చారు, లేదా డిస్క్ క్లోన్ చేశారు. గ్రబ్‌లో, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత గుర్తు ఉండిపోయింది. సిస్టమ్ లేస్తోంది గానీ ప్రతిసారీ అర నిమిషం ఊరికే ఆగి, రెజ్యూమ్ డివైస్ కోసం చూశానని చెబుతోందా? పాత స్వాప్ పార్టిషన్ గుర్తు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సెట్టింగుల్లో మిగిలిపోయి ఉంటుంది, దాన్ని సరిదిద్దితే చాలు.

డిస్క్ అసలే కనబడకపోతే డీమెస్గ్ ఆదేశం కొట్టి, కెర్నెల్ రాసిన సందేశాలు చదవండి. ప్రతి లైను ముందూ కెర్నెల్ మొదలైనప్పటినుంచి గడిచిన సెకన్లు ఉంటాయి. ఐఓ ఎర్రర్ అని సెక్టార్ నంబర్లతో లైన్లు వరుసకట్టి ఉంటే చాలావరకు డిస్క్ నిజంగానే జబ్బుపడినట్టే. అప్పుడు కూడా ఫార్మాట్ మందు కాదు. డిస్క్ విప్పి ఇంకో సిస్టమ్‌కు తగిలించి, డీడీరెస్క్యూతో ముందు నకలు తీసుకోవాలి. తర్వాతే ఏదైనా. ఎర్రర్లూ లేవు, డిస్కూ లేదు అంటే సిస్టమ్ ఆపి సాటా కేబుల్ మార్చి చూడండి. వంద రూపాయల కేబుల్ వల్ల వేల రూపాయల తీర్పులు ఇచ్చేస్తుంటాం.

రోగం ఇదేనని ఇంకొకలా కూడా తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్ పొద్దున లేవదు. అదే పవర్ ఆపకుండా రీబూట్ చేస్తే వెంటనే లేస్తుంది. ఈ రెండూ పదేపదే ఇలాగే జరుగుతుంటే డిస్క్ వేడెక్కి వేగానికి రావడంలోనే ఆలస్యం ఉంది.

సెకన్లు ఎంచడం కాదు, ఎవరి కోసమో చెప్పడం

ఇక మళ్లీ రాకుండా చేసుకోవడం. గ్రబ్ మెనూ దగ్గర కీబోర్డు మీది ఇంగ్లీషు అక్షరం "ఈ" నొక్కితే బూట్ లైన్లు కనిపిస్తాయి. లినక్స్ అని మొదలయ్యే లైను చివర రూట్‌డిలే ఈక్వల్స్ 90 అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది, పొరపాటైనా నష్టం లేదు. ఫలితం బాగుంటే ఈటీసీ లోపలి డిఫాల్ట్ ఫోల్డర్లో ఉన్న గ్రబ్ ఫైలులో అదే మాట రాసి, అప్‌డేట్ హైఫన్ గ్రబ్ ఆదేశం ఇస్తే శాశ్వతమవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రూట్‌డిలే అన్న ఒకే మాట రెండుచోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా కెర్నెల్ నేరుగా డిస్క్‌ను పట్టుకునేచోట, 90 అంటే 90 సెకన్లూ ఆగుతుంది, డిస్క్ మూడో సెకనుకే వచ్చినా సరే. డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మాత్రం అది గరిష్ఠ గడువు. మధ్యమధ్య చూస్తూ ఉంటుంది, డిస్క్ రాగానే బయల్దేరుతుంది. మైక్రోసాఫ్ట్ తన అజూర్ క్లౌడ్‌కు లినక్స్ మెషీన్లు తయారుచేసుకునేవాళ్లకు రూట్‌డిలే 300 పెట్టమని సలహా ఇచ్చేది. అయిదు నిమిషాలు! అంత పెద్ద డేటా సెంటర్లలో కూడా డిస్క్ ఆలస్యంగా రావచ్చని ముందే లెక్కలోకి తీసుకున్నారు. మన షాపులో 90 పెట్టుకోవడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

నేరుగా పట్టుకునే కెర్నెల్‌కు ఇంకో మాట ఉంది, రూట్‌వెయిట్. రాస్ప్‌బెర్రీ పై ఎస్‌డీ కార్డులో సీఎండీలైన్ ఫైలు తెరిచి చూస్తే అది కనిపిస్తుంది. సెకన్ల లెక్క ఉండదు, డిస్క్ వచ్చేదాకా ఆగు అని మాత్రమే చెబుతుంది. కదిరి బస్టాండులో కండక్టరుకు "పది నిమిషాలు ఆగి పోనీ" అని చెప్పడం వేరు, "మా నాయన టీ తాగి వస్తాడు, ఎక్కినాక పోనీ" అని చెప్పడం వేరు. మొదటి మాటతో నాయన ముందే ఎక్కినా బస్సు ఊరికే నిలబడుతుంది, ఆలస్యమైతే వదిలేసి పోతుంది. రెండో మాటలో ఆ రెండు ఇబ్బందులూ లేవు.

మన రోజువారీ పనుల్లో కూడా ఈ తేడా పట్టుకున్నవాళ్లు నిలబడతారు. ఎన్ని రోజులు ఆగాలి అన్న ప్రశ్నకు మనం ఊహించి ఒక అంకె చెబుతాం. దేని కోసం ఆగుతున్నాం, అది వచ్చిందని ఎలా తెలుస్తుంది అని మనల్ని మనం అడిగితే మాత్రం జవాబు మన చేతిలో ఉంటుంది. సిస్టమ్‌డీలో యూడెవ్ సెటిల్ అని ఒక సేవ ఉంది. పరికరాలన్నీ సర్దుకునేదాకా ఆగడం దాని పని. దాన్ని వాడొద్దని ఆ ప్రోగ్రాం సొంత మాన్యువల్ పేజీయే చెబుతుంది. హార్డ్‌వేర్ అంతా వచ్చేసింది అని ఖాయంగా చెప్పగల క్షణమంటూ ఏదీ ఉండదని, ఎవరికి ఏ పరికరం కావాలో వాళ్లు దాని కోసమే ఆగాలని దాని సారాంశం. అన్నీ కుదిరాక షాపు పెడదాం, అన్నీ నేర్చుకున్నాక రిపేరు చేద్దాం అనుకుంటూ సంవత్సరాలు గడిపే కుర్రవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించాలని నాకు అనిపిస్తుంది. వాళ్లకు కావలసింది ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక మంచి పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ సాటా కేబుల్. అవి వచ్చిన రోజు మొదలుపెట్టొచ్చు.

అందరి కోసమూ ఆగక్కర్లేదు

రూట్ డిస్క్ లేకుండా సిస్టమ్ లేదు, దాని కోసం ఆగాలి. బ్యాకప్ డిస్క్ సంగతి అలా కాదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక బయటి డిస్క్‌ను మామూలుగా రాసిపెట్టి, ఆ రోజు అది తగిలించకపోతే సిస్టమ్‌డీ దాని కోసం 90 సెకన్లు ఆగుతుంది. తెర మీద ఒక ఎర్రని గుర్తు అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది. ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి తోసి, రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒక బ్యాకప్ డిస్క్ ఇంట్లో మరిచిపోయినందుకు షాపు మొత్తం ఆగిపోతుంది. ఆ లైనులో నోఫెయిల్ అన్న మాట చేర్చి, డివైస్ టైమౌట్ 10 సెకన్లకు దించితే ఈ బాధ ఉండదు.

అయితే నోఫెయిల్ పెట్టి నిశ్చింతగా పడుకోకూడదు. డిస్క్ రాని రోజు కూడా దాని కోసం పెట్టిన ఫోల్డర్ అలాగే ఉంటుంది, ఖాళీగా. రాత్రి బ్యాకప్ ప్రోగ్రాం దాన్నే డిస్క్ అనుకుని ఫైళ్లన్నీ అందులో పోస్తుంది. నిజానికి అవి పోయేది రూట్ డిస్క్‌లోకే. కొన్ని రాత్రులకు రూట్ డిస్క్ నిండిపోతుంది, బ్యాకప్ మాత్రం ఒక్కటీ ఉండదు. అందుకని బ్యాకప్ స్క్రిప్టు మొదటి లైనులోనే మౌంట్‌పాయింట్ ఆదేశంతో డిస్క్ నిజంగా ఉందా అని అడగాలి, లేకపోతే అక్కడికక్కడ ఆపి కబురు పంపాలి. ఆగకుండా ముందుకు పోవచ్చని ఎవరికైనా అనుమతి ఇచ్చినప్పుడు, రాలేదన్న కబురు మనకు చేరే దారి కూడా అప్పుడే ఏర్పాటు చెయ్యాలి. అది చెయ్యని నోఫెయిల్ కంటే ఆ 90 సెకన్లే నయం.

ఆసామితో మాట్లాడే తీరు

సాంకేతికంగా అన్నీ తెలిసినా, వెనక మనుషులు నిలబడి ఉంటే చెయ్యి తొందరపడుతుంది. జవాబు చెప్పలేకపోతే మనకు పని రాదనుకుంటారేమోనన్న భయం అది. అందుకే తెలియని చోట "పోయింది" అనేస్తాం. "పోయింది" అన్నది జవాబులా వినిపిస్తుంది కదా, అడిగినవాళ్లు నోరు మూసుకుంటారు.

దానికి బదులు ఇలా చెప్పి చూడండి: "అన్నా, డిస్క్ ఉందో లేదో ఇంకా తేల్లేదు. పది నిమిషాలు టైమియ్యి, చూసి చెప్తా. నీ ఫైళ్లు నకలు తీయకుండా దేన్నీ చెరపను." ఈ చివరి వాక్యం విన్నాక కూర్చోకుండా తొందరపెట్టే మనిషి అరుదు. ఆయనకు కావలసింది సిస్టమ్ కాదు, అందులో ఉన్నది. అది మీకు తెలుసని ఆయనకు తెలియడమే మీ మీద నమ్మకానికి మొదలు.

సిస్టమ్ లేచాక పని అయిపోలేదు. స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. అందులో 10వ నంబరు స్పిన్ రీట్రై కౌంట్, 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197వ నంబరు పెండింగ్ సెక్టార్లు. వీటి ముడి విలువలు సున్నా అయితే మామూలు నిదానమే. సున్నా దాటి పెరుగుతూ పోతుంటే ఈ ఆలస్యం ముసలితనపు లక్షణం. కొత్త డిస్క్ కొనమని ఆసామికి అప్పుడే నిజం చెప్పాలి. సమయం పెంచి ఆ రోజుకు పంపించేసి ఊరుకోవడం మోసం చెయ్యడమే అవుతుంది. డీమెస్గ్‌లో డిస్క్ అటాచ్ అయిన సెకను ఎంతో కూడా రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే సిస్టమ్ వచ్చినప్పుడు ఆ అంకె 4 నుంచి 19కి పెరిగిందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

లినక్స్ తెలుగులో కనబడేలా చెయ్యడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా తయారుచేశారు. మెనూలు తెలుగులోకి వచ్చాయి గానీ, బూట్ ఆగినప్పుడు వచ్చే ఈ నాలుగు లైన్లు మాత్రం ఇంగ్లీషులోనే వస్తాయి. వాటిని తెలుగులో విడమరిచి చెప్పే మనిషి ప్రతి మండలంలో ఒకరైనా ఉండాలి. గాండ్లపెంటలో ఆ మనిషి మీరే కావచ్చు.

ఇక ఈ అధ్యాయం పక్కన పెట్టి చెయ్యాల్సిన పని. మీ షాపులో, మీ బడిలో, మీ ఆఫీసులో ఉన్న ప్రతి లినక్స్ సిస్టమ్‌లో ఈ వారంలోపల బీఎల్‌కేఐడీ కొట్టి, వచ్చిన గుర్తులను ఒక నోటుబుక్కులో రాసి, పక్కన డిస్క్ ఎన్నో సెకనుకు వచ్చిందో వెయ్యండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ అన్న పేరు ఎక్కడున్నా యూయూఐడీగా మార్చండి. ఆ బుక్కు సిస్టమ్‌లో కాకుండా బీరువాలో పెట్టండి.